క్లచ్‌పై పట్టు... కొలువుకు మెట్టు!

మెకానికల్, ఆటోమొబైల్ బ్రాంచీల్లో క్లచ్ బొమ్మ గీయలేని విద్యార్థులు అరుదు. కానీ లోడుతో వచ్చిన లారీ ముందు నిలబెట్టి ‘ఈ బండి ఎత్తు ఎక్కేటప్పుడు లాగడం లేదంట, ముందు ఏం చూస్తావ్?’ అని అడిగితే చాలామంది దగ్గర మాట ఆగిపోతుంది. ట్రక్కు కంపెనీల ఇంటర్వ్యూ గదుల్లో, డీలర్ల వర్క్‌షాపుల్లో మీకు ఎదురయ్యేది ఎక్కువగా ఈ రెండో రకం ప్రశ్నే. బరువైన మాన్యువల్ లారీలో క్లచ్ ఎలా పనిచేస్తుంది, ఎందుకు కాలిపోతుంది, ఎలా కాపాడుకోవాలి, ఆ పరిజ్ఞానాన్ని ఉద్యోగంగా ఎలా మలచుకోవాలి... ఒక్కొక్కటిగా చూద్దాం.

క్లచ్ గురించే ఎందుకు?

లారీలో వందల భాగాలున్నాయి కదా, దీని ప్రత్యేకత ఏంటి అని మీకు అనిపించొచ్చు. కారణం ఉంది. ఘర్షణ, స్ప్రింగులు, హైడ్రాలిక్స్, న్యుమాటిక్స్, బేరింగులు, వేడి... మీరు నాలుగేళ్లలో విడివిడిగా చదివిన అధ్యాయాలన్నీ ఇక్కడ ఒకేచోట కలుస్తాయి. పైగా డ్రైవర్ కాలి అలవాటుకు నేరుగా స్పందించే భాగం ఇది. ఒకే మోడల్ బండి, ఒకే రూటు. ఒక డ్రైవర్ చేతిలో క్లచ్ ప్లేటు ఏళ్ల తరబడి నడుస్తుంది, ఇంకొకరి చేతిలో నెలల్లో అరిగిపోతుంది. కాబట్టి ‘డిజైన్ లోపమా, మెయింటెనెన్స్ లోపమా, నడిపే తీరులో లోపమా’ అని తేల్చాల్సిన ఇంజినీర్‌కి ఇంతకంటే మంచి పరీక్ష ఉండదు.

డబ్బు కోణం కూడా చూడండి. లారీలో క్లచ్ ప్లేటు మార్చాలంటే గేరుబాక్సు దించాల్సిందే. అంటే బండి షెడ్డులో నిలబడుతుంది. ఆ రోజు ట్రిప్పు ఉండదు, కానీ నెలవారీ కిస్తీ ఆగదు. చీమకుర్తి గ్రానైట్ మోసే ట్రైలర్ అయినా, కొత్తగూడెం వైపు బొగ్గు టిప్పర్ అయినా, తాడిపత్రి సిమెంటు లారీ అయినా ఓనర్ లెక్క ఒకటే: బండి తిరిగితేనే ఆదాయం. ప్లేటు మార్చి, అసలు కారణం కనిపెట్టకుండా పంపేస్తే అదే బండి మళ్లీ అదే షెడ్డుకు వస్తుంది. ఆ నష్టాన్ని తప్పించగలిగే మనిషి కోసమే కంపెనీలు వెతుకుతాయి.

పుస్తకం నుంచి లారీ కిందకి

మన రోడ్ల మీద తిరిగే భారీ లారీల్లో ఎక్కువగా ఉండేది సింగిల్ ప్లేట్ డ్రై క్లచ్. ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్, దానికి బోల్టులతో బిగించిన ప్రెజర్ ప్లేటు, ఈ రెంటి మధ్య క్లచ్ ప్లేటు. ప్లేటు మధ్యలోని హబ్ గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ స్ప్లైన్ల మీద కూర్చుంటుంది. పెడల్ మీద కాలు లేనప్పుడు డయాఫ్రమ్ స్ప్రింగ్ ప్లేటును ఫ్లైవీల్‌కి అదిమి పట్టుకుంటుంది, ఇంజిన్ టార్క్ గేరుబాక్సుకు వెళ్తుంది. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ కదిలి స్ప్రింగ్ పట్టు వదులుతుంది, ప్లేటు స్వేచ్ఛగా ఉంటుంది.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. ఇప్పుడు అంకెలు పెట్టి చూడండి. ఇంజిన్ గరిష్ఠ టార్క్ 1000 న్యూటన్ మీటర్లు అనుకుందాం. జారకుండా ఉండటానికి 1.3 రెట్ల మార్జిన్ తీసుకుంటే క్లచ్ మోయాల్సింది 1300. ఘర్షణ గుణకం 0.3, ప్లేటు సగటు వ్యాసార్థం 0.167 మీటర్లు, ఘర్షణ తలాలు రెండు. టార్క్ సూత్రంలో వేస్తే స్ప్రింగ్ అదమాల్సిన బలం దాదాపు 13 వేల న్యూటన్లు. అంటే 1300 కిలోల బరువు ప్లేటు మీద కూర్చున్నట్టే! సూత్రం బట్టీ పట్టడం వేరు, ఈ అంకెను ఊహించుకోవడం వేరు. ఇంటర్వ్యూలో ఈ లెక్క కాగితం మీద వేసి చూపించగలిగితే మీ మాటకు బరువు వస్తుంది.

మరి అంత బలమైన స్ప్రింగును డ్రైవర్ రోజంతా కాలితో ఎలా తొక్కుతాడు? అక్కడే ఎయిర్ బూస్టర్ వస్తుంది. పెడల్ కింద మాస్టర్ సిలిండర్ ఉంటుంది. అందులోని ఫ్లూయిడ్ పైపు ద్వారా గేరుబాక్సు దగ్గరున్న బూస్టర్‌కి ఒత్తిడి పంపుతుంది. బ్రేకుల కోసం ట్యాంకుల్లో నిల్వ చేసిన గాలే ఈ బూస్టర్‌కీ సాయం చేస్తుంది. అందుకే ఎయిర్ తక్కువగా ఉన్నప్పుడు పెడల్ రాయిలా గట్టిపడుతుంది. ‘క్లచ్ హార్డ్‌గా ఉంది’ అని డ్రైవర్ చెబితే గేరుబాక్సు కిందకి దూరే ముందు డ్యాష్‌బోర్డులో ఎయిర్ ప్రెజర్ గేజ్ చూడండి. సగం కంప్లయింట్ల మూలం పైనే తెలిసిపోవచ్చు.

ఒక్క గేరు తేడా... ఎన్ని రెట్ల వేడి?

లారీ కదిలే మొదటి రెండు మూడు సెకన్లలోనే క్లచ్ జీవితం ఎక్కువగా ఖర్చవుతుంది. ఇంజిన్ తిరుగుతుంటుంది, చక్రాలు ఆగి ఉంటాయి. ఈ రెండు వేగాలూ కలిసేదాకా ప్లేటు జారుతూనే ఉంటుంది. ఆ జారుడే వేడి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మొత్తం బరువు 49 టన్నులు. మన దేశంలో రిజిడ్ లారీలకు 2018లో సవరించిన నిబంధనల ప్రకారం గరిష్ఠ పరిమితి ఇదే. క్రాలర్ గేరులో గేరుబాక్సు, వెనక యాక్సిల్ నిష్పత్తులు కలిపి 65 అనుకోండి. టైరు వ్యాసార్థం అర మీటరు. ఇంజిన్ 600 ఆర్‌పీఎం దగ్గర ఐడిల్‌లో ఉంది. క్లచ్ పూర్తిగా పట్టేసరికి లారీ వేగం గంటకు 1.7 కిలోమీటర్లు. ఆ వేగంలో దాని గతిజశక్తి సుమారు 5.7 కిలోజౌళ్లు. ఇంజిన్ వేగం మారకుండా, సమతల రోడ్డు మీద, ఇతర నిరోధాలు పక్కనపెట్టి లెక్కిస్తే క్లచ్‌లో వేడిగా మారేదీ సరిగ్గా అంతే. (ఎందుకో మీరే నిరూపించి చూడండి. ఇంజిన్ ఇచ్చిన పనిలో సగం బండికి, సగం వేడికి పోతుంది.)

ఇప్పుడు డ్రైవర్ తొందరపడి క్రాలర్ వదిలేసి, నిష్పత్తి సగమున్న పై గేరులో బండి ఎత్తాడనుకోండి. అదే 600 ఆర్‌పీఎంకి లారీ వేగం రెండింతలు, వేడి నాలుగింతలు. అంటే 23 కిలోజౌళ్లు. దానికి తోడు యాక్సిలరేటర్ తొక్కి 1200 ఆర్‌పీఎం దగ్గర క్లచ్ వదిలితే? మళ్లీ నాలుగింతలు. మొత్తం సుమారు 92 కిలోజౌళ్లు. అదే బండి, అదే లోడు, వేడి మాత్రం 16 రెట్లు! రోజుకు వంద సార్లు ఆగి బయల్దేరే టిప్పర్‌కి ఈ తేడా ఏం చేస్తుందో ఊహించుకోండి. ఎత్తు మీద బయల్దేరితే వేడి ఇంకా పెరుగుతుంది.

డ్రైవింగ్ స్కూళ్లలో ‘బండి ఎప్పుడూ చిన్న గేరులోనే ఎత్తాలి, రేస్ ఇవ్వొద్దు’ అని చెప్పే మాట వెనకున్న భౌతికశాస్త్రం ఇదే.

కాలికి నేర్పాల్సిన అలవాట్లు

మీరు డ్రైవర్ అవ్వకపోవచ్చు. కానీ సర్వీస్ ఇంజినీర్‌గా, ఫ్లీట్ మేనేజర్‌గా డ్రైవర్లకు చెప్పాల్సిన రోజు వస్తుంది. అప్పుడు ‘ఇలా చెయ్’ అంటే సరిపోదు, ‘ఎందుకు’ అనేది చెప్పగలగాలి.

• పెడల్ మీద కాలు ఆనించి నడపొద్దు. కాలు బరువుకే రిలీజ్ బేరింగ్ మీద లోడు పడుతుంది, స్ప్రింగ్ పట్టు కొంత తగ్గుతుంది. ప్లేటు కొద్దికొద్దిగా జారుతూ అరుగుతుంది, బేరింగ్ కూడా ముందే పోతుంది.

• ఎత్తు మీద హాఫ్ క్లచ్‌తో లారీని నిలబెట్టొద్దు. ట్రాఫిక్‌లో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు చాలామంది చేసే పని ఇది. బ్రేకుతో ఆపండి. బయల్దేరేటప్పుడు పార్కింగ్ బ్రేక్ సాయంతో, క్లచ్ పట్టిన క్షణంలో బ్రేకు వదలండి. హిల్ స్టార్ట్ సాయం ఉన్న బండి అయితే దాన్ని వాడండి.

• సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు ఆగాల్సి వస్తే న్యూట్రల్ చేసి, పెడల్ మీంచి కాలు తీసేయండి. గేరులో ఉంచి తొక్కి పట్టుకుంటే రిలీజ్ బేరింగ్ అంతసేపూ లోడు మీద తిరుగుతుంది.

• గేరు మార్చేటప్పుడు పూర్తిగా తొక్కాలి. సగం తొక్కి గేరు వేస్తే సింక్రోనైజర్ రింగులు అరుగుతాయి. ముందుకు కదులుతున్న బండికి రివర్స్ గేరు వేయొద్దు.

• క్లచ్ వాసన వస్తే వెంటనే ఒత్తిడి తగ్గించండి. సురక్షితమైన చోట ఆపి చల్లారనివ్వాలి. వాసన వచ్చాక మరో పది ప్రయత్నాలు చేస్తే ప్లేటుతో పాటు ఫ్లైవీల్ తలం కూడా నల్లమచ్చలు పడి పాడవుతుంది.

యూట్యూబ్‌లో అమెరికా ట్రక్కుల వీడియోలు చూసేవాళ్లకు ఒక మాట. అక్కడి చాలా పాత తరహా లారీల్లో సింక్రోనైజర్లు లేని గేరుబాక్సులుంటాయి. అందుకే వాళ్లలో చాలామంది గేరు మార్చేటప్పుడు రెండు సార్లు క్లచ్ తొక్కుతారు. పెడల్ చివరి అంగుళంలో ‘క్లచ్ బ్రేక్’ ఉంటుంది కాబట్టి బండి కదులుతున్నప్పుడు పెడల్‌ను అడుగంటా తొక్కరు. మన దగ్గరి సింక్రోమెష్ గేరుబాక్సులకు ఆ పద్ధతి అక్కర్లేదు. ఏ బండి అయినా ముందు దాని డ్రైవర్ మాన్యువల్ చదవాలి.

ఘాట్‌లో న్యూట్రల్... ప్రాణంతో ఆట

‘దిగుడులో న్యూట్రల్ చేస్తే డీజిల్ మిగులుతుంది’ అనే నమ్మకం ఇంకా ఉంది. ఇప్పటి ఎలక్ట్రానిక్ ఇంజిన్లలో అది నిజం కాదు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, ఈసీయూ ఇంధనాన్ని ఆపేస్తుంది. న్యూట్రల్ చేస్తే ఇంజిన్ ఐడిల్‌లో నడవడానికి డీజిల్ కావాల్సిందే. పైగా ఇంజిన్ బ్రేకింగ్ పోతుంది, ఎగ్జాస్ట్ బ్రేక్ ఉన్నా పనికిరాదు. మొత్తం భారం బ్రేకు డ్రమ్ముల మీద పడుతుంది. అవి వేడెక్కాక పట్టు తగ్గుతుంది. మారేడుమిల్లి, శ్రీశైలం వంటి ఘాట్ రోడ్లలో ఆ తర్వాత ఏం జరగొచ్చో చెప్పక్కర్లేదు.

క్లచ్ తొక్కిపెట్టి దిగడం ఇంకో ప్రమాదం. పై లెక్కలోని లారీనే తీసుకోండి. క్రాలర్ గేరులో ఉండగా డ్రైవర్ క్లచ్ తొక్కేశాడు, బండి దిగుడులో గంటకు 30 కిలోమీటర్లు అందుకుంది. చక్రం నిమిషానికి 159 చుట్లు తిరుగుతోంది. దాన్ని 65తో గుణించండి. క్లచ్ ప్లేటు తిరుగుతున్న వేగం 10 వేల ఆర్‌పీఎం దాటింది! డీజిల్ లారీ ఇంజిన్ గరిష్ఠంగా తిరిగేది సుమారు 2,500 లోపే. ఇంజిన్ ఐడిల్‌లో ఉంది కాబట్టి మీటర్లో ఏమీ కనిపించదు, చప్పుడూ రాదు. లోపల మాత్రం ప్లేటు మీది లైనింగ్ అపకేంద్ర బలానికి ముక్కలై ఎగిరిపోతుంది. తర్వాత పెడల్ వదిలినా పట్టడానికి ఏమీ మిగలదు. దిగుడు మధ్యలో లారీకి ఇంజిన్‌తో సంబంధం తెగిపోతుంది.

అందుకే పాత డ్రైవర్లు చెప్పే సూత్రాన్ని ఇలా గుర్తుంచుకోండి: ఏ గేరులో ఎక్కుతామో అంతకంటే పెద్ద గేరులో దిగకూడదు. గేరు ఎంపిక దిగుడు మొదలవకముందే అయిపోవాలి.

జబ్బు గుర్తుపట్టడం ఎలా?

వర్క్‌షాపులో డ్రైవర్ మీకు సాంకేతిక పదాల్లో చెప్పడు. ‘లాగట్లేదు’, ‘గేరు పడట్లేదు’, ‘వణుకుతోంది’, ‘కుయ్యిమంటోంది’ అంటాడు. ఆ నాలుగు మాటల్లోనే నాలుగు జబ్బులున్నాయి.

లాగట్లేదు అంటే స్లిప్. ఆర్‌పీఎం పెరుగుతుంది, వేగం పెరగదు. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ముందుగా బయటపడుతుంది. కారణాలు: లైనింగ్ అరగడం, స్ప్రింగ్ బలహీనపడటం, ఫ్రీ ప్లే లేకపోవడం, ప్లేటు మీద నూనె పడటం. నూనె కనిపిస్తే అది ఇంజిన్ వెనక సీల్ నుంచి వచ్చిందా, గేరుబాక్సు ముందు సీల్ నుంచి వచ్చిందా తేల్చాలి. సీల్ మార్చకుండా ప్లేటు ఒక్కటే మారిస్తే డబ్బు దండగ. అయితే ‘లాగట్లేదు’ అన్న ప్రతిసారీ క్లచ్ తప్పు కాదు. ఆర్‌పీఎం కూడా పెరగకపోతే అది ఇంజిన్ పికప్ సమస్య. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, టర్బో వైపు చూడాలి.

గేరు పడట్లేదు అంటే చాలాసార్లు డ్రాగ్. పెడల్ తొక్కినా ప్లేటు పూర్తిగా వదలడం లేదు. ఫస్ట్, రివర్స్ వేసేటప్పుడు గీసుకున్న శబ్దం వస్తుంది. కారణాలు: ఫ్లూయిడ్ తగ్గడం, లైనులో గాలి చేరడం, మాస్టర్ సిలిండర్ లేదా బూస్టర్ లీక్, ఎయిర్ ప్రెజర్ చాలకపోవడం, ప్లేటు వంగడం, హబ్ స్ప్లైన్ల మీద ఇరుక్కోవడం, పైలట్ బేరింగ్ పట్టేయడం. చూశారా, జాబితాలో మొదటి నాలుగూ గేరుబాక్సు దించకుండానే చూడగలిగినవి. సులువైనవి ముందు, కష్టమైనవి తర్వాత. ఈ క్రమం చెప్పగలిగిన అభ్యర్థి వేరుగా కనిపిస్తాడు.

వణుకుతోంది అంటే జడ్డర్. క్లచ్ పట్టేటప్పుడు బండి కుదుపుతుంది. నూనె మరకలు, ఫ్లైవీల్ మీద వేడి మచ్చలు, ప్లేటులోని డ్యాంపర్ స్ప్రింగులు విరగడం, ఇంజిన్ మౌంటింగులు పాడవడం కారణాలు.

కుయ్యిమంటోంది అంటే బేరింగ్. ఏ బేరింగో పెడలే చెబుతుంది. న్యూట్రల్‌లో పెడల్ తొక్కగానే శబ్దం మొదలైతే రిలీజ్ బేరింగ్‌ని అనుమానించండి. పెడల్ వదిలినప్పుడు ఉండి, తొక్కగానే తగ్గితే గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్. గేరులో ఉంచి పూర్తిగా తొక్కి పట్టుకున్నప్పుడు వస్తే పైలట్ బేరింగ్ కూడా కావొచ్చు. ఎందుకో ఆలోచించండి: ఏ స్థితిలో ఏ భాగం తిరుగుతోంది, ఏది ఆగి ఉంది అన్నది గీసుకుంటే సమాధానం అదే వస్తుంది.

చిన్న పనులే... పెద్ద ఖర్చు తప్పిస్తాయి

• ఫ్లూయిడ్ మట్టం క్రమం తప్పకుండా చూడాలి. కంపెనీ చెప్పిన గ్రేడే పోయాలి. బ్రేక్ ఫ్లూయిడ్ వాడే వ్యవస్థలో ఇంజిన్ ఆయిల్ వంటి ఖనిజ నూనె పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి గడువు ప్రకారం మార్చాలి.

• ఎయిర్ ట్యాంకుల్లో చేరిన నీటిని వదిలేయాలి. ఎయిర్ డ్రయర్‌ను సమయానికి మార్చాలి. తేమ బూస్టర్ లోపలి వాల్వులను తుప్పు పట్టిస్తుంది.

• చాలా బూస్టర్లకు ప్లేటు ఎంత అరిగిందో చూపించే ఇండికేటర్ ఉంటుంది. సర్వీసు చేసిన ప్రతిసారీ ఆ కొలత రాసిపెట్టుకుంటే ప్లేటు ఎప్పుడు మార్చాలో ముందే అంచనా వేయొచ్చు. బండిని దారిలో ఆగనివ్వకుండా ఖాళీ రోజున పని పెట్టుకోవచ్చు.

• పాత మోడళ్లలో ఫ్రీ ప్లే చేత్తో సర్దాలి. కొత్తవాటిలో చాలావరకు అదే సర్దుకుంటుంది. మీ ముందున్న బండి ఏ రకమో తెలుసుకోకుండా స్పానర్ పెట్టొద్దు.

ప్లేటు మార్చేటప్పుడు గేరుబాక్సును ట్రాన్స్‌మిషన్ జాక్ మీదే దించాలి. అది వందల కిలోల బరువు. చేతులతో, తాళ్లతో చేసే సాహసాలు వద్దు. ఫ్లైవీల్ తలాన్ని పరిశీలించి, అవసరమైతే కంపెనీ అనుమతించిన పరిమితిలో మెషినింగ్ చేయించాలి. పైలట్ బేరింగ్, రిలీజ్ బేరింగ్‌లను కూడా అప్పుడే చూసుకోవాలి. మళ్లీ గేరుబాక్సు దించే కూలి అంతా మిగులుతుంది. డమ్మీ షాఫ్ట్‌తో ప్లేటును సరిగ్గా మధ్యకు తెచ్చి, ప్రెజర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. స్ప్లైన్లకు గ్రీజు పలుచగా చాలు. ఎక్కువైతే అదే ప్లేటు మీదకి చిమ్ముతుంది. ఇక క్లచ్ హౌసింగ్‌లోని ధూళిని ఎయిర్ గొట్టంతో ఊదొద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవారు, ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. తడి గుడ్డతో తుడవాలి, మాస్కు వేసుకోవాలి.

కోడింగ్ వచ్చినవాళ్లకూ ఇక్కడ పని ఉంది

‘మాది సీఎస్‌ఈ, క్లచ్‌తో మాకేం పని?’ అనుకోవద్దు. భారీ వాహనాల్లో ఈసీయూలు మాట్లాడుకునే భాష జే1939. అందులో ఇంజిన్ వేగానికి 190, చక్రాల ఆధారంగా లెక్కించే వాహన వేగానికి 84, క్లచ్ స్విచ్‌కి 598 అనే సంఖ్యలు కేటాయించారు. ఈ మూడు సిగ్నళ్లు చేతికొస్తే క్లచ్ జారుడును దూరం నుంచే పట్టేయొచ్చు.

లాజిక్ తేలిక. క్లచ్ పూర్తిగా పట్టి ఉన్నప్పుడు ఒక గేరులో ఇంజిన్ ఆర్‌పీఎంకి, వాహన వేగానికి నిష్పత్తి స్థిరంగా ఉండాలి. క్లచ్ స్విచ్ ‘తొక్కలేదు’ అంటున్నా, గేరు మారకున్నా ఆ నిష్పత్తి పెరుగుతోందంటే ప్లేటు జారుతున్నట్టే. పైథాన్‌లో యాభై లైన్ల ప్రోగ్రాంతో ఈ పని మొదలుపెట్టొచ్చు. ఏ డ్రైవర్ ఎంతసేపు హాఫ్ క్లచ్‌లో నడుపుతున్నాడు, ఏ గేరులో బండి ఎత్తుతున్నాడు అనేదీ ఇదే డేటాలో ఉంటుంది. టాటా మోటార్స్ ఫ్లీట్ ఎడ్జ్, అశోక్ లేలాండ్ ఐ-అలర్ట్ వంటి కనెక్టెడ్ వేదికలున్న ఈ రోజుల్లో ఇలాంటి ప్రాజెక్టు మీ రెజ్యూమెలో ‘హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్’ కన్నా ఎక్కువ మాట్లాడుతుంది.

ఇక భవిష్యత్తు మాట. ఏఎంటీ లారీల్లో పెడల్ లేదు కానీ క్లచ్ ఉంది. అదే డ్రై ప్లేటును కాలికి బదులు యాక్చుయేటర్ నడిపిస్తుంది. ఎప్పుడు, ఎంత వేగంగా వదలాలో సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. మన వేడి లెక్క అక్కడా మారదు. చాలా ఎలక్ట్రిక్ ట్రక్కుల్లో మాత్రం ఈ క్లచ్ కనిపించదు. కాబట్టి క్లచ్ ఒక్కటే జీవితాంతం అన్నం పెడుతుందని నేను చెప్పను. కానీ ఇప్పుడు రోడ్డు మీదున్న మాన్యువల్ లారీలన్నీ ఇంకా చాలా ఏళ్లు తిరుగుతాయి. వాటి మీద నేర్చుకున్న రోగనిర్ధారణ పద్ధతి ఏ వాహనానికైనా పనికొస్తుంది.

కొలువులు ఎక్కడ?

డిగ్రీ, డిప్లొమా వాళ్లకు: డీలర్ వర్క్‌షాపుల్లో సర్వీస్ అడ్వైజర్, వారంటీ ఇంజినీర్, కంపెనీల్లో ఫీల్డ్ సర్వీస్ ఇంజినీర్, టెస్టింగ్, క్వాలిటీ విభాగాలు. వారంటీ ఇంజినీర్ పనిలో క్లచ్ వివాదాలు మామూలే. కాలిన ప్లేటును చేతిలో పట్టుకుని అది తయారీ లోపమా, వాడకం లోపమా న్యాయంగా తేల్చాలి. తప్పు తేల్చితే నష్టపోయేది ఒక చిన్న లారీ ఓనర్ కావొచ్చు, డ్రైవర్ కావొచ్చు.

ఐటీఐ వాళ్లకు: మెకానిక్ డీజిల్, మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడులు. ఆర్టీసీ డిపోలు, వాహన కంపెనీల్లో అప్రెంటిస్ అవకాశాల కోసం ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టళ్లలో పేరు నమోదు చేసుకోండి. డిప్లొమా, ఇంజినీరింగ్ వాళ్లకు నాట్స్, ఐటీఐ వాళ్లకు న్యాప్స్ ఉన్నాయి.

తయారీ రంగంలో: టాటా మోటార్స్ జంషెడ్‌పూర్, అశోక్ లేలాండ్ ఎన్నూరు, హోసూరు, భారత్‌బెంజ్ ఒరగడం, ఐషర్ పీతంపూర్ ప్లాంట్లు భారీ వాహనాలకు పేరున్నవి. కృష్ణా జిల్లా మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు 2025లో ప్రారంభమైంది.

డ్రైవింగే వృత్తిగా ఎంచుకునేవాళ్లకు: రవాణా వాహనం నడపాలంటే కనీసం 20 ఏళ్లుండాలి. అంతకుముందు ఏడాది పాటు లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనాలు నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న స్పష్టం చేసింది. అంతకు మించితే హెవీ లైసెన్సు తప్పనిసరి. రాజన్న సిరిసిల్ల జిల్లా మండేపల్లిలోని టైడ్స్ వంటి శిక్షణ కేంద్రాల్లో పద్ధతిగా నేర్చుకోవచ్చు. డ్రైవింగ్ వచ్చిన ఇంజినీర్‌కి వాహన టెస్టింగ్‌లో విలువ ఎక్కువ.

ఈ నెలలో ఏం చేయొచ్చు?

మొదటి వారం: క్లచ్ టార్క్, వేడి లెక్కలను మీ సొంత అంకెలతో వేయండి. ఏదైనా ఒక లారీ మోడల్ బ్రోచర్ తీసుకుని ఇంజిన్ టార్క్, గేరు నిష్పత్తులు, క్లచ్ వ్యాసం రాసుకోండి.

రెండో వారం: విజయవాడ ఆటోనగర్ కానీ, మీ ఊరి బైపాస్ పక్కన షెడ్డు కానీ... మేస్త్రీ అనుమతి తీసుకుని ఒక క్లచ్ పని మొదటి నుంచి చివరిదాకా చూడండి. పని మధ్యలో ప్రశ్నలతో విసిగించొద్దు, టీ సమయంలో అడగండి. తీసేసిన పాత ప్లేటు చేతిలోకి తీసుకుని చూడండి. రివెట్లదాకా అరిగిందా, కాలి నల్లబడిందా, నూనెతో మెరుస్తోందా? ప్రతి ప్లేటు మీదా ఆ బండి నడిచిన తీరు రాసి ఉంటుంది.

మూడో వారం: ఇద్దరు ముగ్గురు లారీ డ్రైవర్లతో మాట్లాడండి. ‘అన్నా, ఘాట్ ఎలా దిగుతావు? క్లచ్ ఎన్నాళ్లకు మార్చావు? ఎందుకు పోయింది?’ అని అడగండి. ఇరవై ఏళ్లు స్టీరింగ్ పట్టినవాళ్లు చెప్పేది ఏ సిలబస్‌లోనూ ఉండదు.

నాలుగో వారం: స్లిప్, డ్రాగ్, జడ్డర్, శబ్దం... ఒక్కోదానికి ఒక పేజీ రోగనిర్ధారణ చార్టు మీ చేత్తో గీయండి. తేలికైన పరీక్ష పైన, గేరుబాక్సు దించాల్సినది చివర్లో. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఆ నాలుగు పేజీలూ ఫైల్లో పెట్టుకోండి. ‘క్లచ్ గురించి ఏం తెలుసు?’ అని అడిగితే నిర్వచనంతో మొదలుపెట్టకండి. ‘సార్, ఒక బండి ఎత్తు ఎక్కేటప్పుడు లాగట్లేదని వచ్చింది. ముందు ఇది చూస్తాను’ అని మొదలుపెట్టండి. తర్వాతి ప్రశ్న దానిలోంచే వస్తుంది. జవాబు మీ ఫైల్లో ఉంటుంది.